జావాకు కొత్తగా వచ్చారా? ముందు తెంపె బాచెమ్ నేర్చుకోండి

జకార్తాకో జోగ్జాకో (యోగ్యకర్తా) ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్లకి, అందులోనూ శాకాహారులకి, మొదటి నెల తిండి దగ్గరే కష్టం. పప్పుల కోసం ఊరంతా తిరిగేలోపు పొద్దున్నే వీధిలోకి వచ్చే తుకాంగ్ సాయుర్, అంటే కూరగాయల బండి అతని దగ్గర ఏముందో చూడండి. తెంపె, తాహు రోజూ ఉంటాయి. తాహు అంటే సోయా పాల విరుగుడు, టోఫూ. తెంపె అంటే ఉడికించిన సోయా గింజల్ని ఒక రకం బూజుతో పులియబెట్టిన అచ్చు.

ఆ తెల్లటి బూజు చూసి పారేయకండి, అదే గింజల్ని పట్టి ఉంచేది. అచ్చు గట్టిగా ఉండి, పుట్టగొడుగుల వాసన రావాలి. అక్కడక్కడ నల్ల మచ్చలున్నా ఫరవాలేదు. జిగురుగా ఉన్నా, ఘాటుగా ముక్కుకి కొట్టినా తీసుకోవద్దు. దొరికితే అరిటాకులో చుట్టినది కొనండి, నాకు అదే ఇష్టం. ఇంటికి తెచ్చాక కూడా అది పులుస్తూనే ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

చాలామంది దీన్ని పన్నీరులా ముక్కలు కోసి మసాలా కూరలో పడేస్తారు. అప్పుడు పులుసు పైనే ఉండిపోతుంది, లోపల ముక్క చప్పగా ఉంటుంది. తెంపెకి రుచి లోపలిదాకా పట్టాలంటే తీరిక కావాలి. మధ్య జావా వాళ్ల బాచెమ్ పద్ధతి, అంటే తియ్యటి మసాలా రసంలో అది ఇగిరేదాకా మగ్గించడం, అందుకే. నాకిది పక్కింటి ఇబు నేర్పారు. ఇక్కడ పెద్ద ఆడవాళ్లని ఇబు అనే పిలవాలి.

ఒక తెంపె అచ్చు, ఆరు తాహు ముక్కలకి అర లీటరు కొబ్బరి నీళ్లు కావాలి. మంచినీళ్లతోనూ అవుతుంది కానీ ఆ కమ్మదనం రాదు. బజారులో కొబ్బరి తురిమి అమ్మేవాళ్లని ఆయిర్ కెలాపా అని అడిగి చూడండి. ఐదు బావాంగ్ మెరా, అంటే చిన్న ఉల్లిపాయలు, మూడు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు కెతుంబార్, అదే మన ధనియాలు, మెత్తగా నూరండి. గులా జావా, అంటే ఇక్కడి బెల్లం, 80 గ్రాములు తరగండి. మన తాటిబెల్లం తిన్నవాళ్లకి ఆ రుచి కొత్త కాదు. ఆసమ్ జావా మన చింతపండే, గోలీకాయంత చాలు. బొటనవేలంత లెంగ్‌కువాస్ చితక్కొట్టి వేయండి. చూపుకి అల్లంలా ఉన్నా అది దుంపరాష్ట్రం, అల్లం దాని పని చేయదు. రెండు దావున్ సలామ్ ఆకులు కూడా. బిర్యానీ ఆకు వేరు, ఇది మన నేరేడు జాతి చెట్టు ఆకు.

అన్నీ ఉప్పుతో సహా వెడల్పు గిన్నెలో వేసి, తెంపె, తాహు ముక్కలు మునిగేలా పెట్టి, సన్నటి సెగ మీద ముప్పావు గంట మగ్గనివ్వండి. గరిటె పెట్టి కలిపితే తాహు చితికిపోతుంది, ముక్కల్ని ఒక్కసారి తిరగేస్తే చాలు. రసం అంతా ఇగిరి ముక్కలు గోధుమరంగుకి వచ్చాక దించి చల్లార్చండి. ఇలాగే ఫ్రిజ్‌లో పెట్టుకుని, తినేముందు కావలసినన్ని ముక్కలు కొంచెం నూనెలో వేయించుకోవచ్చు. బెల్లం ఉంది కాబట్టి చటుక్కున మాడుతుంది, రంగు తిరగగానే తీసేయండి.

మొదటిసారి కారం, పోపు ఏమీ వేయకండి. తియ్యగా ఉందనిపిస్తే ఇక్కడివాళ్లలా వేడన్నంతో ముక్క కొరికి, ఒక చాబె రావిత్ మిరపకాయ నంజుకోండి. ఆ కారం మన నోటికి కూడా సరిపోతుంది.

బయట తినేటప్పుడు మాత్రం జాగ్రత్త. కోడిని, గుడ్లని కూడా బాచెమ్ చేస్తారు, గిన్నె ఒకటేనేమో అడగండి. పక్కన వడ్డించే సంబల్‌లో, అంటే మిరపకాయల పచ్చడిలో, తెరాసి, అంటే రొయ్యల ముద్ద ఉండవచ్చు. "తిడాక్ పాకై తెరాసి", అంటే తెరాసి వేయకుండా, అన్న మాట వచ్చిన వారంలోనే నోటికి పట్టించుకోండి.