నెట్‌వర్కింగ్ షేర్లను పోల్చడం – 3వ పాఠం: ఎదుగుదల ఎవరి డబ్బుతో వస్తోంది?

కంప్యూటర్ల మధ్య డేటాను చేరవేసే పరికరాలు స్విచ్, రౌటర్ ఏం చేస్తాయో పోయిన పాఠంలో చూశాం కదా, ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని వాటిని అమ్మే మూడు అమెరికా కంపెనీలు సిస్కో, జూనిపర్, అరిస్టాల పదేళ్ల ఆదాయం పక్కపక్కన రాయండి.

2014లో సిస్కో ఆదాయం 4,710 కోట్ల డాలర్లు, 2024లో 5,380 కోట్లు. జూనిపర్ 463 కోట్ల నుంచి 507 కోట్లకు వచ్చింది. అదే పదేళ్లలో అరిస్టా 58.4 కోట్ల నుంచి 700 కోట్లకు చేరింది. అంటే 12 రెట్లు, ఏటా సగటున 28 శాతం. (సిస్కో ఆర్థిక సంవత్సరం జూలై చివర్లో ముగుస్తుంది, క్వార్టర్లు, అంటే మూడేసి నెలల లెక్కలు, పోల్చేటప్పుడు జాగ్రత్త.)

చాలామంది ఇంతవరకు చూసి అరిస్టా కొనేస్తారు. తొందరపడొద్దు. ఆ 28 శాతాన్నే ఇంకో పదేళ్లు పొడిగించి లెక్కేయండి, 8,000 కోట్ల డాలర్లు దాటిపోతుంది, ఇవాళ్టి సిస్కో మొత్తం ఆదాయం కన్నా ఎక్కువ. అది జరగదని నేను అనను, కానీ అంత సరుకు ఎవరు కొంటారో మీరు చెప్పగలగాలి.

దానికి అరిస్టా వార్షిక నివేదిక, అంటే 10-కె, తెరవండి. ఆదాయంలో 10 శాతం, అంతకు మించి ఇచ్చే కస్టమర్ల వివరం అందులో ఉంటుంది. 2024లో మైక్రోసాఫ్ట్ 20 శాతం, మెటా దాదాపు 15 శాతం. మూడో వంతుకు పైగా డబ్బు ఇద్దరి దగ్గర్నుంచే! వాళ్లు డేటా సెంటర్లు కడుతున్నంతకాలం పండగే. 2019 చివర్లో ఒక పెద్ద క్లౌడ్ కస్టమర్ ఆర్డర్లు తగ్గిస్తున్నాడని తెలియగానే షేరు ఒక్కరోజులో 20 శాతం పైగా పడింది, మరుసటి ఏడు ఆదాయం కూడా 241 కోట్ల నుంచి 232 కోట్లకు తగ్గింది. అయినా 2022 వచ్చేసరికి 438 కోట్లు. నా దృష్టిలో ఇది ఎదిగే కంపెనీయే, కాకపోతే మధ్యలో ఇలాంటి ఏడాది మళ్లీ వస్తుందనుకునే కొనాలి.

సిస్కోకి ఈ టెన్షన్ లేదు, ఏ ఒక్క కస్టమర్ మీదా అంతగా ఆధారపడలేదు. దాని లెక్కలో వెతకాల్సింది వేరే. 2024 మార్చిలో 2,800 కోట్ల డాలర్లు పెట్టి స్ప్లంక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొంది, ఆ ఆదాయం కలిశాక కూడా ఆ ఏడాది మొత్తం 5,700 కోట్ల నుంచి 5,380 కోట్లకు పడింది. కాబట్టి స్ప్లంక్ వాటా తీసేశాకే సిస్కో సొంతంగా ఎంత పెరిగిందో చూడండి. ఇంకోటి, బైబ్యాక్‌లతో, అంటే కంపెనీ తన షేర్లను తనే తిరిగి కొనడంతో, పదేళ్లలో షేర్ల సంఖ్య సుమారు 510 కోట్ల నుంచి 400 కోట్లకు తగ్గింది. అందుకే వ్యాపారం పెద్దగా పెరగకపోయినా ఒక్కో షేరుకు వచ్చే లాభం పెరిగినట్టు కనిపిస్తుంది.

జూనిపర్‌ను 2025 జూలైలో హెచ్‌పీఈ (హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్) కొనేసింది, ఇప్పుడు దానికి విడిగా షేరు లేదు. అయినా పట్టికలోంచి కొట్టేయకండి. మిగిలిన కంపెనీలనే పోలిస్తే ఈ రంగంలో అందరూ ఎదుగుతారన్న భ్రమ కలుగుతుంది.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి: అరిస్టా 10-కెలు వరసగా ఐదేళ్లవి తీసి, మైక్రోసాఫ్ట్, మెటా వాటాలు తీసేశాక మిగిలిన ఆదాయం ఏటా ఎంత పెరిగిందో రాయండి. ఆ అంకెతోనే ధర సంగతి మొదలుపెడదాం.