తిరుపతికి కొత్తగా వచ్చారా? ఆగిపోయిన మోడల్ బండిని నడపకుండా కొనకండి

తిరుపతిలో అద్దె ఇల్లు దొరికిన వారం లోపే బండి అవసరం తెలిసొస్తుంది. చేతిలో సంచి కనిపిస్తే చాలు, ఆటోవాళ్లు మనల్ని కొండకు వచ్చినవాళ్ల లెక్కలో వేసేస్తారు. ఇక్కడే ఉంటున్నామని చెప్పినా నమ్మరు. ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువుల సంస్థ)లలో చేరినవారికైనా, రేణిగుంట వైపు పనిచేసేవారికైనా సొంత బండి ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. శ్రీసిటీలో ఉద్యోగమైతే మాత్రం కంపెనీ బస్సు ఎక్కండి. అంత దూరం రోజూ బండి మీద తిరగడం ఒంటికి మంచిది కాదు.

షోరూముకు వెళ్తే ఒక మూలన, సీటు మీద సన్నటి దుమ్ముతో, ఊరించే ధరతో ఒక బండి కనిపిస్తుంది. ‘ఈ మోడల్ ఆగిపోయింది సార్, ఇదొక్కటే మిగిలింది, ఈ రోజే తీసుకుంటే ఇంత తగ్గిస్తాం’ అంటారు. నేను రాస్తున్నదంతా ఆ మూలనున్న బండి గురించే.

ఆ మాటకు నేనూ ఒకసారి పడ్డాను. బీఎస్-3 అనే పాత కాలుష్య ప్రమాణంతో తయారైన బండ్లను 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదని సుప్రీంకోర్టు మార్చి 29న చెప్పింది. మిగిలిన రెండు రోజుల్లో సరుకు వదిలించుకోవడానికి దేశమంతటా షోరూములు వేలకు వేలు తగ్గించాయి. నేనూ 31న గుంపులో నిలబడి, నడపడం మాట అటుంచి, సరిగా ఎక్కి కూర్చోకుండానే ఒకటి తెచ్చుకున్నాను. బండి ఆపినప్పుడు నా మడమలు నేలకు ఆనవని ఇంటికి వచ్చేదాకా తెలియలేదు. బ్రహ్మోత్సవాల రద్దీలో లీలామహల్ కూడలి దగ్గర, వెనక భార్య, ఆమె ఒడిలో కూరగాయల సంచి, కింద నా మునివేళ్లు. మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. చివరికి దాన్ని కొన్నది ఆరడుగుల కుర్రవాడు. ఎక్కి కూర్చుని, బేరం కూడా ఆడకుండా డబ్బు ఇచ్చి వెళ్లాడు.

ఆగిపోయిన మోడల్‌తో అసలు చిక్కు, దానికి టెస్ట్ రైడ్ బండి దొరకకపోవడం. నడిపి చూడటానికి షోరూములో ఇచ్చే బండికి ఎర్ర పలక మీద తెల్ల అక్షరాలతో ట్రేడ్ సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. మోడల్ ఆగిపోయాక చాలాచోట్ల ఆ బండినీ అమ్మేస్తారు. మిగిలిన కొత్త బండిని రోడ్డెక్కిస్తే అది వాడిన బండి అయిపోతుంది కాబట్టి ఇవ్వరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ ‘దీని బదులు వచ్చిన కొత్త మోడల్ నడపండి, రెండూ ఒకటే’ అంటారు చూడండి, అక్కడ జాగ్రత్త. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌నే తీసుకోండి. గాలితో చల్లబడే 411 సీసీ ఇంజను పోయి, 2023లో ద్రవంతో చల్లబడే 452 సీసీ ఇంజను వచ్చింది. పేరు అదే గాని బండి వేరు. ఒకదాన్ని నడిపి రెండోదాన్ని కొంటే, అక్కను చూసి చెల్లెలికి తాళి కట్టినట్టే.

కాబట్టి అదే మోడల్, అదే ఏడాది బండి ఎవరి దగ్గర ఉందో వెతకండి. ఆఫీసులో అడగండి, ఇంటి దగ్గరి మెకానిక్‌ను అడగండి. మెకానిక్ అయితే ఆ బండికి ఏది త్వరగా పాడవుతుందో కూడా చెబుతాడు. ఇన్సూరెన్సు ఉందో లేదో చూసుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకులో పెట్రోలు పోయించండి. మీ లైసెన్సు వేరే రాష్ట్రంలో తీసుకున్నదైనా ఇక్కడ చెల్లుతుంది.

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయండి. వీధి చివరిదాకా వెళ్లి రావడం టెస్ట్ రైడ్ కాదు. కనీసం అరగంట కావాలి, వెనక కూర్చునే మనిషినీ తీసుకెళ్లండి. ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల బస్సుల మధ్య మొదటి గేరులో పాకించండి, క్లచ్చు ఎంత గట్టిగా ఉందో మీ ఎడమ చెయ్యే చెబుతుంది. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కుతూ ఇద్దరి బరువుతో మూడో గేరులో లాగుతుందో లేదో చూడండి. అక్కడి నుంచి రేణిగుంట రోడ్డు మీద అరవై దాటించి, హ్యాండిల్‌లో, కాళ్ల కింద ఎంత వణుకు వస్తోందో గమనించండి. వేసవి అయితే మధ్యాహ్నం మరోసారి నడపాలి. ఇంజను వేడి పిక్కలకు తగిలే బండి మే నెల తిరుపతిలో నరకం చూపిస్తుంది.

ఒకరి బండితో తిరుమల ఘాట్‌కు మాత్రం వెళ్లకండి. 1974లో వేసిన రెండో ఘాట్‌రోడ్డు మీదుగా ఎక్కుతాం, 1944 నాటి మొదటి రోడ్డు మీదుగా దిగుతాం. బండికి అసలు పరీక్ష దిగేటప్పుడే, మలుపు మలుపుకూ బ్రేకు పడుతుంది. తరచూ కొండకు వెళ్లే ఉద్దేశం ఉంటే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండే కొనమంటాను.

బండి నచ్చాక వయసు చూడాలి. అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. డబ్బు కట్టకముందే అడగండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2324 అంటే 2024లో 23వ వారం. కదలకుండా నిలబడిన బండికి ముందుగా దెబ్బతినేది బ్యాటరీ. కొత్తది వేసి ఇమ్మనండి, మొహమాటపడకండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది అనువైనదేనా అని కూడా అడగాలి, ఇప్పుడు బంకుల్లో పోసేది అదే.

ధర విషయంలో ఒక మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంతకుముందటి ధర చూపించి ‘ఇంత తగ్గించాం’ అంటే, ప్రభుత్వం తగ్గించిన పన్నును వాళ్లు తమ ఖాతాలో వేసుకుంటున్నట్టు. ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. ఏడాదిగా నిల్వ ఉన్న బండికి పన్ను సంగతి పక్కన పెట్టి పది శాతమైనా తగ్గించకపోతే నేనైతే వెనక్కి వచ్చేస్తాను. మీరు అమ్మే రోజున కొనేవాడు చూసేది ఆర్‌సీలోని తయారీ సంవత్సరమే.

విడిభాగాల గురించి మరీ భయపడనక్కర్లేదు. ఇంజను సామాను వేరే మోడళ్లకూ సరిపోయేదైతే ఏళ్ల తరబడి దొరుకుతుంది. దొరకనిది పైతొడుగులు, హెడ్‌లైటు డూమ్, మీటరు. ఇక్కడ లేకపోతే చెన్నై పుదుపేటలోనో, బెంగళూరు జేసీ రోడ్డులోనో వెతుక్కోవాలి.

పాత ఊరి నుంచి బండి తెచ్చుకున్నవారికి ఒక మాట: వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు తిరగవచ్చు, ఆ తర్వాత ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. ఏడాదిలో వెళ్లిపోయేవారు కొత్తది కొనకుండా దాన్నే వాడుకోవడం మేలు.

కొత్త బండిని కాణిపాకం వినాయకుడి దగ్గరకు తీసుకెళ్లి పూజ చేయించడం ఈ ప్రాంతంలో చాలామందికి అలవాటు. తిరుపతి నుంచి వెళ్లి రావడానికి దాదాపు 140 కిలోమీటర్లు. మొదటి సర్వీసుకు ముందే వెళ్లండి, అయితే ఇంజనును బలవంతం చేయకండి. దారిలో ఎక్కడ మోత వచ్చింది, ఎక్కడ నూనె చెమ్మగిల్లింది, బ్రేకు ఎప్పుడు కీచుమంది అన్నీ ఫోనులో రాసి పెట్టుకోండి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఆ జాబితాను జాబ్‌కార్డులోకి, అంటే చేయాల్సిన పనులు రాసే సర్వీసు కాగితంలోకి ఎక్కించి, సంతకం చేసే ముందు చదువుకోండి.