కోనాలో రాత్రి స్నార్కెలింగ్: నాన్నతో వెళ్ళొచ్చాక చెబుతున్నా

హవాయి బిగ్ ఐలాండ్‌కి వెళ్ళేవాళ్ళు కిలౌయా ఇకి అనే అగ్నిపర్వత బిలంలో ట్రెక్కింగ్, పడమటి తీరంలోని కోనాలో మాంటా రేలనే పెద్ద చేపల్ని చూసే రాత్రి స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ కిందికి చూడడం) ఒకే రోజు పెట్టుకోకండి. మొదటిసారి నేను అదే చేశాను. పొద్దున అగ్నిపర్వత బిలంలో నడిచి, రెండు గంటలకు పైగా కారులో కూర్చుని, చీకటి పడ్డాక సముద్రంలో దిగితే పిక్కలు పట్టేశాయి. ఏమీ చూడకుండానే పడవెక్కేశాను. నిరుడు నాన్నతో వెళ్ళినప్పుడు మధ్యలో ఒక రోజు ఖాళీగా ఉంచాను.

కిలౌయా ఇకి నడక దారి చుట్టూ తిరిగి 5.3 కిలోమీటర్లు. 120 మీటర్లు దిగి, మళ్ళీ ఎక్కాలి. 1959లో ఇక్కడ లావా 580 మీటర్ల ఎత్తుకు చిమ్మింది. అప్పుడు ఏర్పడిన లావా చెరువు గడ్డకట్టిన నేల మీదే మనం నడిచేది. వాన నీళ్ళు లోపలి వేడికి తగిలి పగుళ్ళలోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంటుంది. పక్కన నిలబడితే ఇడ్లీపాత్ర మూత తీసినట్టు మొహానికి తగులుతుంది, చెయ్యి మాత్రం పెట్టకండి. లావా అంచులు గాజు పెంకుల్లా కోస్తాయి, చెప్పులు పనికిరావు. దారి చూపే రాళ్ళ గుట్టల్ని అక్కడ ‘అహు’ అంటారు, వాటిని కదపకండి. బిలం అంచు దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి రెయిన్‌కోటు తప్పనిసరి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి.

ఇక సముద్రం. నాన్న కోనసీమ కాలువల్లో ఈత నేర్చుకున్న మనిషి, నీళ్ళంటే భయం లేదు. అయినా ముక్కు మాస్కులో మూసుకుపోయి, గొట్టంలోంచి నోటితోనే ఊపిరి తీయమనేసరికి కంగారుపడ్డారు. అందుకే ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి మా అపార్ట్‌మెంట్ పూల్‌లో రోజూ పావుగంట ప్రాక్టీసు చేయించాను. మొహం నీళ్ళలో పెట్టి, నిదానంగా ఊపిరి వదలడం, అంతే. ఈత రావడం వేరు, ఇది వేరు. మీసం ఉంటే మాస్కులోకి నీళ్ళు కారతాయి, మీసం మీద కాస్త వాజిలిన్ రాయండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు పవర్ మాస్కు ముందే అడిగి పెట్టుకోండి. పడవలో వికారం వచ్చేవాళ్ళు డాక్టర్‌ని అడిగి ముందుగానే మాత్ర వేసుకోవాలి.

నీళ్ళలో మీరు ఈదాల్సిన పని లేదు. లైట్లు బిగించిన తేలే బోర్డు పట్టుకుని బోర్లా పడుకోవాలి. చీలమండల కింద తేలే ఫోమ్ కడ్డీ పెడతారు, కాళ్ళు కిందికి జారకుండా. ఆ వెలుతురుకి ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే చిన్న చిన్న జీవులు) ముసురుతుంది, దాన్ని తినడానికి మాంటా రేలు వస్తాయి. వాటికి ముల్లు లేదు, కుట్టవు. ముట్టుకుంటే మాత్రం వాటి ఒంటి మీది రక్షణ జిగురు పోతుంది, అందుకే చేతులు బోర్డు మీదే ఉండాలి.

ముందు నలుపు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత కింద నుంచి ఒక తెల్లటి నోరు చాట వెడల్పున తెరుచుకుని పైకి లేచింది. నోటి లోపల మొప్పల చారలు కూడా కనిపించాయి. మా గుండెలకి జానెడు దూరంలో వెల్లకిలా తిరిగి, పొట్ట మీది నల్ల మచ్చలు చూపిస్తూ కిందికి దిగిపోయింది. ఆ మచ్చల్ని బట్టే ఏది ఏదో గుర్తుపడతారు. నాన్న నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. అది వెళ్ళాక కూడా చాలాసేపు వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో తడి ఒంటికి గాలి కొడితే వణుకు పుడుతుంది. పొడి తువ్వాలు, మందపాటి చొక్కా పడవలోనే ఉంచుకోండి.