యాప్‌లో డబ్బులు అడిగే ముందు స్టోర్ వాటా లెక్క ఇలా తేల్చుకోండి

చిన్న టీమ్ ఏదైనా యాప్ చేస్తే గొడవంతా ధర దగ్గరే. నెలకి 299 పెడదామా, 499 పెడదామా, పండక్కి ఆఫర్ ఇద్దామా అని వారాల తరబడి మాట్లాడుకుంటారు గానీ, ఆ 499లో స్టోర్‌కి, అంటే యాప్ దొరికే యాపిల్ యాప్ స్టోర్‌కో గూగుల్ ప్లేకో, ఎంత పోతుంది, పన్నుకి ఎంత పోతుంది, చివరికి మన చేతికి ఎంత వస్తుంది అన్న లెక్క మాత్రం స్టోర్ వాళ్లు చేసే తనిఖీలో, అదే యాప్ రివ్యూలో, రిజెక్ట్ అయ్యాకో, మొదటి నెల డబ్బులు చూసుకుని బిత్తరపోయాకో మొదలెడతారు. ఆ వరుస తిరగెయ్యండి. ట్యూషన్లు, వంటల కోర్సులు, ఆడియో కథలు, పిల్లలకి తెలుగు నేర్పే పాఠాలు, ఇలాంటివి అమ్ముదామనుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డబ్బు కట్టి వాడుకునేవాళ్లకి పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి.

మొట్టమొదట చూడాల్సింది, మీరు అమ్మేది ఫోన్‌లోనే వాడుకునేదా, బయట చేతికి అందేదా అన్నది. కమీషనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. బిర్యానీ, క్యాబ్, చీర, కరెంటు పనివాడు, ఇవన్నీ యాప్ బయట అందేవి కాబట్టి స్టోర్‌కి పైసా కట్టక్కర్లేదు, యూపీఐ పెట్టుకున్నా కార్డు పెట్టుకున్నా మీ ఇష్టం. స్విగ్గీ, ఓలా లాంటివాళ్లు ఆర్డర్ మీద యాపిల్‌కి, గూగుల్‌కి వాటా ఇవ్వకపోవడానికి కారణం ఇదే. అదే వీడియో పాఠం, ప్రకటనలు లేని వెర్షన్, గేమ్‌లో నాణేలు, ప్రీమియం మెంబర్‌షిప్ అయితే స్టోర్ వాళ్ల బిల్లింగ్ వాడాలి, వాటా ఇవ్వాలి. ఒకే యాప్‌లో మీరు ఆవకాయ జాడీ అమ్ముతూ, పక్కనే ఆవకాయ పెట్టడం నేర్పే వీడియో కోర్సు కూడా అమ్ముతున్నారనుకోండి, జాడీకి కమీషన్ లేదు, వీడియోకి ఉంది. అంచేత రెండింటినీ ఒకే ప్యాక్‌గా కట్టి ఒకే బటన్ కింద పెట్టకండి, రివ్యూ దగ్గర ఇరుక్కుంటారు.

ట్యూషన్ల దగ్గర ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. యాపిల్ నిబంధనల ప్రకారం ఒక టీచరు, ఒక స్టూడెంటు లైవ్‌లో మాట్లాడుకునే క్లాసుకి బయట పేమెంట్ తీసుకోవచ్చు, 2020 సెప్టెంబర్‌లో ఈ వెసులుబాటు రాసిపెట్టారు. కానీ అదే టీచరు అదే లెక్కల పాఠం ఒకేసారి పదిమందికి చెబితే అది యాప్ లోపలి కొనుగోలు కిందకే వస్తుంది. ఫీజు వసూలు చేసే పద్ధతిలో గానీ, స్టోర్ చేసే పనిలో గానీ ఏ తేడా లేదు, పిల్లల సంఖ్య తప్ప! కాబట్టి మీ దగ్గర రెండు రకాల క్లాసులూ ఉంటే, డిజైన్ దశలోనే వాటి పేమెంట్ స్క్రీన్లు వేరు చేసుకోండి. రికార్డు చేసిన వీడియోల విషయంలో ఏ అనుమానమూ లేదు, కట్టాల్సిందే.

తర్వాత, మీరు ఏ స్లాబ్‌లోకి వస్తారో చూసుకోండి. అందరూ 30 శాతం, 30 శాతం అంటారు గానీ చిన్నవాళ్లకి అది 15 శాతమే. గూగుల్ 2021 జులై నుంచి ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల దాకా 15 శాతం తీసుకుంటోంది, సబ్‌స్క్రిప్షన్లకైతే 2022 జనవరి నుంచి మొదటి రోజు నుంచే 15. యాపిల్ 2021 జనవరిలో చిన్న డెవలపర్ల కోసం ఒక ప్రోగ్రామ్ పెట్టింది, అంతకుముందు ఏడాది రాబడి పది లక్షల డాలర్లు దాటనివాళ్లకి 15 శాతం. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఏంటంటే, ఇందులో వాళ్లంతట వాళ్లు చేర్చరు, మనమే అప్లై చేసుకోవాలి, గూగుల్‌లో కూడా అకౌంట్ వివరాలు ఇచ్చి నమోదవ్వాలి. ఆ ఫారం నింపకపోతే మీ డబ్బు ఊరికే సగం ఎక్కువ పోతున్నట్టు కూడా కాదు, రెట్టింపు పోతున్నట్టు. ఇవి కాక రిజిస్ట్రేషన్ ఫీజు, గూగుల్‌కి ఒకేసారి 25 డాలర్లు, యాపిల్‌కి ఏటా 99 డాలర్లు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ధర 499 రూపాయలు, జీఎస్టీ 18 శాతం అందులోనే కలిసి ఉంది, కమీషన్ పన్ను తీసేసిన మొత్తం మీద లెక్కిద్దాం. 499ని 1.18తో భాగిస్తే 422.88. పన్ను 76.12 పక్కన పెట్టండి, అది మనది కాదు. 422.88లో 15 శాతం అంటే 63.43 స్టోర్‌కి, మీకు మిగిలేది 359.45. స్లాబ్ 30 అయితే స్టోర్‌కి 126.86, మీకు 296.02. అదే కస్టమరు మీ వెబ్‌సైట్‌లో కొన్నాడనుకోండి, కార్డు, యూపీఐ డబ్బులు మీ ఖాతాకి చేర్చే కంపెనీ, అదే పేమెంట్ గేట్‌వే, 2 శాతం తీసుకుంటుంది అనుకుందాం, దాని మీద జీఎస్టీతో కలిపి 11.78, మీకు 411.10. అంటే ఒక్కో కస్టమరు మీద నెలకి 50 రూపాయల పైన తేడా. వీటి మీద టీడీఎస్ లాంటివి ఉంటాయి కాబట్టి ఈ కాగితం తీసుకెళ్లి మీ ఆడిటర్‌కి చూపించండి, యాప్ విడుదలయ్యాక కాదు, ముందే.

మన దేశంలో గూగుల్ ప్లేలో మూడో దారి కూడా ఉంది, స్టోర్ బిల్లింగ్ పక్కనే మీ సొంత పేమెంట్ ఆప్షన్ చూపించొచ్చు. ఇది ఊరికే రాలేదు. మార్కెట్‌లో పోటీ సరిగ్గా ఉందా లేదా చూసే కాంపిటీషన్ కమిషన్, అదే సీసీఐ, ప్లే స్టోర్ బిల్లింగ్ నిబంధనల మీద 2022 అక్టోబర్ 25న గూగుల్‌కి 936.44 కోట్లు జరిమానా వేసింది, ఆ తర్వాత 2023లో ఈ ఆప్షన్ ఇక్కడి డెవలపర్లందరికీ తెరిచారు. జరిమానా మాత్రం 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ 216.69 కోట్లకి తగ్గించింది. సరే, ఆప్షన్ వచ్చింది కదా అని సంబరపడే ముందు కాగితం మీద ఇంకో లైను రాయండి. కస్టమరు మీ సొంత పేమెంట్ ఎంచుకుంటే గూగుల్ కమీషన్ 4 శాతం పాయింట్లు తగ్గుతుంది, అంటే 15 కాస్తా 11. 422.88లో 11 శాతం 46.52, గేట్‌వే ఖర్చు 11.78, మీకు మిగిలేది 364.58. స్టోర్ బిల్లింగ్‌లో 359.45 వచ్చేది. ఇంత హడావుడికీ మిగిలింది 5 రూపాయల 13 పైసలు! దానికి మీరు రిఫండ్లు చూసుకోవాలి, బిల్లులు ఇవ్వాలి, ప్రతి లావాదేవీ గూగుల్‌కి రిపోర్ట్ చెయ్యాలి, డబ్బులు కట్ అయ్యాయి యాక్టివేట్ అవ్వలేదు అని రాత్రి పదకొండింటికి వచ్చే వాట్సాప్ మెసేజ్‌లకి జవాబు చెప్పాలి. వేలల్లో కస్టమర్లు, సపోర్ట్ టీమ్ ఉన్నవాళ్లకి సరే, మిగతావాళ్లు దాని జోలికి పోవద్దనే నా సలహా.

అసలు న్యాయం, అన్యాయం అన్న మాట వస్తే నేను చూసేది ఇక్కడే. 15 శాతం ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి సంగతి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటుకి రైతు వాటా ఇస్తాడు, తిట్టుకుంటూనే ఇస్తాడు, కానీ ఆ ఏజెంటు నచ్చకపోతే పక్క కొట్టుకి వెళ్తే నిజంగా తేడా ఉండాలి కదా. ఇక్కడ బయటికి దారి చూపిస్తారు, ఆ దారిన వెళ్తే ఏమీ మిగలకుండా అంకె కడతారు. అమెరికాలోనూ అచ్చం ఇదే జరిగింది. ఎపిక్ గేమ్స్ అనే గేమ్ కంపెనీ యాపిల్ మీద వేసిన కేసులో 2021లో కోర్టు, బయట కొనుక్కోవచ్చని చెప్పే లింకులని ఆపకూడదని యాపిల్‌కి చెప్పింది. సుప్రీంకోర్టు 2024 జనవరిలో అప్పీల్ తీసుకోకపోవడంతో యాపిల్ లింకులు ఒప్పుకుంది, కానీ ఆ లింకు ద్వారా జరిగిన అమ్మకం మీద 27 శాతం అడిగింది. కార్డు ఖర్చు ఓ 3 శాతం కలిపితే మళ్లీ 30! 2025 ఏప్రిల్ 30న జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ దీన్ని కోర్టు ఆదేశ ధిక్కారంగా తేల్చి, ఆ కమీషన్ తీసుకోవద్దన్నారు.

మన దగ్గర కూడా ఎదురు తిరిగితే ఏమవుతుందో 2024 మార్చి 1న చూశాం, ఫీజు కట్టలేదని గూగుల్ పది భారతీయ కంపెనీల యాప్‌లని ప్లే స్టోర్ నుంచి తీసేసింది. భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ లాంటి పెద్దవాళ్లతో పాటు హైదరాబాద్‌కి చెందిన డేటింగ్ యాప్ క్వాక్‌క్వాక్ కూడా అందులో ఉంది. కేంద్ర మంత్రి జోక్యం చేసుకున్నాక కొద్ది రోజుల్లోనే తిరిగి పెట్టారనుకోండి. కానీ మంత్రి ఫోన్ చేసే స్థాయి మీకూ నాకూ ఉండదు కాబట్టి, కోపం వచ్చినా సరే నిబంధన ఎగ్గొట్టే పని పెట్టుకోకండి.

నిబంధన లోపల ఉంటూనే చెయ్యగలిగినవి చాలానే ఉన్నాయి. మొదటిది సొంత వెబ్‌సైట్. అక్కడ అమ్మండి, కొన్నవాళ్లు అదే ఫోన్ నంబరుతో యాప్‌లో లాగిన్ అయి వాడుకుంటారు. గూగుల్ ప్లేలో ఏ యాప్ అయినా ఇలా అమ్మకం లేకుండా, వాడుకోవడానికి మాత్రమే పెట్టుకోవచ్చు. యాపిల్‌లో అలా కుదరదు, పుస్తకాలు, పత్రికలు, ఆడియో, వీడియో లాంటివాటికి మాత్రమే ఆ సౌకర్యం, నెట్‌ఫ్లిక్స్ ఐఫోన్ యాప్‌లో సబ్‌స్క్రయిబ్ బటన్ కనపడకపోవడానికి ఇదే కారణం. ఆడియో కథల యాప్ అయితే మీకు ఈ దారి ఉంది. ట్యూషన్ యాప్ అయితే వెబ్‌లో అమ్ముకోవచ్చు, కానీ అదే ప్యాక్ యాప్ లోపల కూడా కొనుక్కునేలా పెట్టాలి. ధర రెండు చోట్లా ఒకటే ఉండాలని రూలేమీ లేదు. వెబ్‌లో 499కి మీకు 411 వస్తోంది కదా, ఐఫోన్‌లో 15 శాతం పోయాక అదే 411 రావాలంటే ధర 571 దగ్గర పెట్టాలి, 30 శాతం స్లాబ్ అయితే 693. ఎక్స్ (అప్పట్లో ట్విట్టర్) 2023లో మన దేశంలో బ్లూ టిక్ మొదలుపెట్టినప్పుడు వెబ్‌లో 650, మొబైల్ యాప్‌లో 900 పెట్టింది, సూత్రం ఇదే.

యాప్ లోపల ఏం రాయకూడదో కూడా తెలుసుకోండి. ఇండియా యాప్ స్టోర్‌లో "మా సైట్‌లో తక్కువకి దొరుకుతుంది" అని ఒక్క ముక్క రాసినా, లింకు పెట్టినా మామూలుగా రిజెక్ట్ చేస్తారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా పెద్ద అన్యాయం ఇదే, వాటా తీసుకో, కానీ నా కస్టమరుతో నన్ను మాట్లాడనివ్వు. అయితే యాప్ బయట మాట్లాడటానికి అడ్డు లేదు, 2021 నుంచి యాపిల్ కూడా దీన్ని స్పష్టంగా ఒప్పుకుంది. కాబట్టి సైనప్ దగ్గరే కస్టమరు అనుమతితో ఈమెయిల్ తీసుకోండి, ధర తేడా అందులో చెప్పండి, యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పండి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకి అమ్మేవాళ్ల లెక్క వేరు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలకి తెలుగు నేర్పే యాప్ అయితే, అక్కడి పన్నులు వసూలు చేసి కట్టే పని చాలా దేశాల్లో స్టోరే చూసుకుంటుంది. ఆ తలనొప్పి మీరే పడితే తెలుస్తుంది, చిన్నవాళ్లకి ఈ ఒక్క పనికే 15 శాతం గిట్టుబాటే అంటాను. అమెరికా స్టోర్‌లో మాత్రం యాప్ లోపల వెబ్ లింకు పెట్టుకోవచ్చు ఇప్పుడు. కానీ ఆ లింకుల మీద కమీషన్ ఎప్పటికీ సున్నాయే అనుకుని ఏడాది బడ్జెట్ వేసుకోకండి, దాని మీద పై కోర్టుల్లో వాదనలు తెగలేదు. ఏ దేశంలో అయినా సరే, విడుదలకి ముందు రోజు స్టోర్ ఫీజుల పేజీ మళ్లీ ఒకసారి చదవండి, ఈ అంకెలు మారుతూనే ఉంటాయి.

ఇక డబ్బు కట్టేవాళ్లకి. ఏ సబ్‌స్క్రిప్షన్ అయినా యాప్‌లో బటన్ నొక్కే ముందు బ్రౌజర్‌లో ఆ కంపెనీ సైట్ తెరిచి ధర చూడండి, యూట్యూబ్ ప్రీమియం లాంటివి ఐఫోన్ యాప్‌లో కన్నా వెబ్‌లో చవక. అయితే స్టోర్ ద్వారా కొంటే రిఫండ్ కోసం స్టోర్‌నే అడగొచ్చు, క్యాన్సిల్ చెయ్యడం కూడా తేలిక, తెలియని కంపెనీ సైట్‌లో కొంటే వాడి దయ. కాబట్టి పేరున్నవాళ్ల దగ్గర వెబ్‌లో, కొత్తవాళ్ల దగ్గర మొదటి నెల స్టోర్‌లో కొనుక్కోవడం మేలు. యాప్ డిలీట్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. స్టోర్‌లో కొన్నది స్టోర్ సెట్టింగ్స్‌లో సబ్‌స్క్రిప్షన్స్ అన్న చోట ఆపాలి, వెబ్‌లో యూపీఐతో కట్టింది మీ యూపీఐ యాప్‌లో ఆటోపే కింద ఉంటుంది. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలో ఆ రెండు చోట్లా ఒకసారి చూడండి, పిల్లలు ఎప్పుడో నొక్కిన గేమ్ ప్యాక్‌లు ఇంకా నెలనెలా కట్ అవుతూ కనపడొచ్చు.