ఏఐ, సైకాలజీ కలిసే చోట పరిశోధనాంశం ఎంచుకోవడం ఎలా?

పీహెచ్‌డీ ఆలోచనతో నా దగ్గరికి వచ్చే విద్యార్థులు చాలామంది "ఏఐ, సైకాలజీ రెండూ కలిసేలా ఏదైనా చేస్తాను మేడం" అంటారు. ఆసక్తి మంచిదే గానీ అది ఇంకా అంశం కాలేదు. నేను ముందు అడిగేది ఒక్కటే: మీ పరిశోధనలో యంత్రానిది ఏ పాత్ర? మనిషిని కొలిచే సాధనమా? పరీక్షకు కూర్చునేది యంత్రమేనా? లేక యంత్రంతో మాట్లాడే మనిషిలో వచ్చే మార్పును చూస్తారా? చదవాల్సినవీ తీసుకోవాల్సిన అనుమతులూ దీన్ని బట్టే మారతాయి.

సాధనం అనుకుంటే, అది నిజంగా దేన్ని కొలుస్తోందో తేల్చుకోండి. రాతను బట్టి కుంగుబాటును పసిగట్టే ఏఐ నమూనాలకు (మోడళ్లకు) తరచుగా పీహెచ్‌క్యూ-9 అనే కుంగుబాటు ప్రశ్నావళి స్కోర్లతో శిక్షణ ఇస్తారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 వరకు మార్కులు. ఆ నమూనా నేర్చేది ప్రశ్నావళి జవాబులను ఊహించడమే, డాక్టరు చేసే రోగ నిర్ధారణను కాదు. పైగా మన ఇళ్లలో "తల పట్టేసినట్టుంది, తిండి సహించడం లేదు" అని బాధను ఒంటి మీద పెట్టి చెప్పేవారు ఎందరో. ఇంగ్లిషు పోస్టులతో నేర్చిన నమూనా వీరి మాటల్ని ఎంతవరకు పట్టుకుంటుంది? తెలుగు తెలిసినవారు చేపట్టదగ్గ పని ఇది. అయితే రోగుల సమాచారానికి నైతిక కమిటీ అనుమతి కావాలి, దానికి నెలలు పడుతుంది.

చేతిలో డబ్బు, సమయం తక్కువైతే యంత్రాన్నే పరీక్షించమంటాను. ఎదుటివాడి మనసులో ఏముందో చాట్‌జీపీటీ లాంటి భాషా నమూనాలు గ్రహిస్తున్నాయని 2023లో పరిశోధకుడు మైకేల్ కోసిన్‌స్కీ వాదించారు. ఆయన వాడిన ఒక కథలో సంచి నిండా పాప్‌కార్న్, పైన చీటీ మీద మాత్రం "చాక్లెట్" అని ఉంటుంది. లోపలికి చూడలేక చీటీ మాత్రమే చదివిన పాత్ర, అందులో చాక్లెట్ ఉందని నమ్ముతుందని నమూనా సరిగానే చెప్పింది. అదే ఏడాది మరో పరిశోధకుడు టోమర్ ఉల్మన్ ఆ కథలో ఒక్క మార్పు చేశారు: సంచి పారదర్శకం. లోపలున్నది కళ్లకు కనిపిస్తున్నా, పాత్ర చాక్లెట్ అనుకుంటుందనే నమూనా జవాబిచ్చింది. ఎంత అందమైన ప్రయోగం! మీరూ ఒక పాత పరీక్ష తీసుకుని ఒక్క అంశం మార్చండి. కథ కొత్తగా రాయండి, ఎందుకంటే పాత కథ శిక్షణ పాఠంలో ఉండి ఉండవచ్చు. అదే కథను మనుషులకూ ఇవ్వండి. నమూనా వెర్షను, తేదీ రాసిపెట్టుకోండి.

మూడో దారి, అంటే యంత్రంతో మాట్లాడే మనిషిలో వచ్చే మార్పును చూడటం, నాకు అన్నిటికన్నా ఇష్టం. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్, మనిషితో టైపు చేసి సంభాషించే తన ప్రోగ్రాం ఎలైజా గురించి ప్రచురించారు. ఆ చిన్న ప్రోగ్రాంతో మాట్లాడుతూ ఆయన సెక్రటరీయే ఆయన్ని గది బయటికి వెళ్లమన్నారు. ఇక్కడ ప్రోగ్రామింగ్ కన్నా ఫలితాన్ని పోల్చి చూసే రెండో బృందాన్ని సరిగా ఎంచుకునే నేర్పు ముఖ్యం.

దారి తేలాక ఒక పేజీ రాయండి: ప్రశ్న ఏమిటి, ఏం కొలుస్తారు, ఏ ఫలితం వస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారు. ఈ మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే అంశం మార్చండి. ఆ పేజీని ఒక సైకాలజిస్టుకూ ఒక కంప్యూటర్ శాస్త్రవేత్తకూ విడివిడిగా చూపించి, ఇద్దరూ అభ్యంతరం చెప్పిన వాక్యాన్ని ముందు సరిచేయండి.