వీపు మీద మొటిమ గుంటలకు మైక్రోనీడ్లింగ్: ఒక కండక్టర్ అనుభవం

పన్నెండేళ్లుగా నల్లగొండ డిపో బస్సుల్లో టికెట్లు కొడుతున్నాను. క్యాష్ బ్యాగు పట్టీ కుడి భుజం మీంచి వీపుకు అడ్డంగా దిగి ఎడమ నడుము దగ్గర తేలుతుంది. నా మొటిమలు కూడా సరిగ్గా ఆ దారి పట్టుకునే వచ్చాయి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు మొదలయ్యాక, జీరో టికెట్లు కొడుతూ రష్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి నెట్టుకుంటూ తిరగడంలో చెమట, ఒరిపిడి రెండూ పెరిగాయి. ఏడాది తిరిగేసరికి కుడి రెక్క ఎముక మీద గుంటలే గుంటలు.

మైక్రోనీడ్లింగ్ అంటే సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చి గుంటలు నింపే వైద్యం. అందులో నేను చేసిన తప్పు ముందే చెప్తాను. ఆన్‌లైన్‌లో ఒకటిన్నర మిల్లీమీటర్ల సూదుల రోలర్ తెప్పించి, మా చెల్లెతో వీపు మీద తిప్పించుకున్నాను. ఎముక దగ్గర అది పక్కకు జారింది. దుక్కి దున్నినట్టు చాళ్లు పడ్డాయి, ఆ గోధుమ రంగు గీతలు పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇంట్లో వాడుకోదగ్గ పావు మిల్లీమీటర్ సూది గుంట అడుగుకు చేరదు, చేరేంత పొడుగు సూది ఇంట్లో వాడేది కాదు. అందుకే రోలర్ కొనొద్దంటాను.

ఆ తర్వాత చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె మొదటి రోజు సూది పట్టలేదు. "మొటిమల మీద గుచ్చితే చీము పక్కకు పాకుతుందమ్మా, ముందు కొత్తవి ఆగాలి" అంది. ఆగడానికి మూడు నెలలు పట్టింది. ట్రిప్పు ట్రిప్పుకూ బ్యాగు భుజం మార్చాను, పట్టీ కింద కాటన్ దస్తీ మడతపెట్టాను. డ్యూటీ దిగగానే స్నానం. మొటిమల క్రిములను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ వీపుకు రాసి, మూడు నిమిషాలు ఉంచి కడిగేదాన్ని. ఇది బట్టల రంగు తినేస్తుంది. మా ఇంట్లో రెండు తువ్వాళ్లు, ఒక జాకెట్టు మచ్చలు పడ్డాక తెల్ల తువ్వాలు కొన్నాను. తలస్నానం రోజు ముందు తల, ఆ తర్వాత వీపు కడగాలి. జడ నూనె, షాంపూ జిడ్డు వీపు మీద మిగిలితే రంధ్రాలు మూసుకుంటాయి. అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే మాత్రం అవి మొటిమలు కాకపోవచ్చు. చెమటకు వచ్చే ఫంగస్ పొక్కులూ అలాగే ఉంటాయి, వాటి మందు వేరు.

తర్వాత మీకున్నది ఏ రకమో చూడాలి. వేలితో తడిమితే నున్నగా ఉండి రంగు మాత్రమే నల్లగా ఉంటే అది గుంట కాదు. క్రీములతో, ఎండ తగలకుండా చూసుకుంటే నెలల్లో తగ్గుతుంది, సూది దండగ. గుంట ఉంటే రెండు వేళ్లతో చర్మం లాగండి. లాగినప్పుడు చదునైపోయే గుంటకు మైక్రోనీడ్లింగ్ బాగా పనిచేస్తుంది. దబ్బనంతో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉంటే దీని ఒక్కదానితో పెద్దగా మారదు. దానికి టీసీఏ అనే ఆమ్లాన్ని పుల్ల మొనతో చుక్క పెడతారు. ఉబ్బి గట్టిగా ఉన్న మచ్చను మాత్రం అసలు గుచ్చకూడదు. భుజాలు, ఛాతీ కెలాయిడ్ (గాయం మానాక గడ్డలా పెరిగే మచ్చ) లేచే చోట్లు. చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ గానీ చెవి కుట్టిన చోటు గానీ గడ్డలా పెరిగి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ మాత్రలు, రక్తం పలచబడే మందులు, షుగరు, గర్భం, ఇవీ దాచొద్దు.

సూది గుచ్చితే గుంట ఎందుకు నిండుతుందంటే, లోపలి పొరలో పడ్డ సన్నని గాయాలు మానేటప్పుడు శరీరం కొత్త కొల్లాజెన్ (చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్) అల్లుకుంటుంది. ఆ పని నెలల తరబడి సాగుతుంది, రోజూ అద్దం ముందు నిలబడితే టెన్షన్ తప్ప ఏమీ కనపడదు. లేజర్ వేడికి మనలాంటి చామనఛాయ వాళ్లకు నల్ల మచ్చలు పడే భయం ఎక్కువ. సూది పైచర్మాన్ని కాల్చదు కాబట్టి భయం తక్కువ, కానీ అసలు లేకపోలేదు.

సిట్టింగ్ రోజు నొప్పి తెలియకుండా నంబింగ్ క్రీమ్ రాసి దాదాపు గంట ఉంచారు. వీపంతా ఒకేసారి రాయమని అడగొద్దు, ఇంట్లో రాసుకొని అస్సలు పోవద్దు. ఎక్కువ చోట రాస్తే ఆ మందు రక్తంలోకి చేరి ప్రమాదం. నాకు ఒక్కోసారి రెండు అరచేతులంత చోటే చేశారు. సూదుల కార్ట్రిడ్జ్ సీలు నా ముందే చింపమని అడిగాను, మీరూ అడగండి. ఆ సూదులు బిగించిన పెన్ను లాంటి మెషీన్ గుయ్యిమంటుంది. కండ ఉన్నచోట డాక్టరమ్మ సూది లోతు రెండు మిల్లీమీటర్లు పెట్టి, ఎముక అంచుకు వచ్చేసరికి తగ్గించింది. ఆవగింజలకన్నా చిన్న రక్తపు చుక్కలు వస్తే చల్లటి సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డతో అద్దింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

ఇంటికి రాగానే మా అత్తమ్మ గిన్నెలో పసుపు కలుపుకొచ్చింది. "జర్రంత పెట్టుకో బిడ్డా, మానుతది" అంటుంది. వద్దని చెప్పలేక నడుముకు రాయించుకున్నాను. తాజాగా గుచ్చిన చోట పసుపు, నిమ్మరసం, సీరం ఏదీ పడకూడదు. డాక్టరు రాసిన వాసన లేని మాయిశ్చరైజర్ ఒక్కటే. రెండు రోజులు సెలవు పెట్టి, పాత కాటన్ నైటీలో బోర్లా పడుకున్నాను. వారం దాకా బ్యాగు ఎడమ భుజానికే. ఎరుపు తగ్గాల్సింది పోయి నొప్పి పెరిగినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

సిట్టింగుకూ సిట్టింగుకూ నాలుగు నుంచి ఆరు వారాలు ఎడం ఉండాలి. నల్లగొండ ఎండల్లో ఇది పెట్టుకోవడం తెలివితక్కువ. నేను కార్తీకంలో మొదలుపెట్టాను. మూడోది చెర్వుగట్టు జాతర స్పెషల్ బస్సుల డ్యూటీతో కలిసిందని రెండు వారాలు వెనక్కి జరిపాను, నష్టమేమీ రాలేదు. మొత్తం నాలుగు, ఒక్కోదానికి మూడున్నర వేలు. మొదటిదానికి ముందు కిటికీ దగ్గర పొద్దున ఎనిమిదింటికి ఫోటో తీయించుకున్నాను, తర్వాతివీ అదే చోట, అదే వేళకు. వెడల్పు గుంటలు సగానికి పైగా లేచాయి. దబ్బనం గుంటలు నాలుగు అలాగే ఉన్నాయి, వాటికి టీసీఏ చుక్క వచ్చే కార్తీకంలో.