గోజో ద్వీపంలో వేసవి విహారం: ముందు జాగ్రత్తలు

మాల్టా దేశంలోని గోజో ద్వీపంలో వేసవి నెలల్లో వాన దాదాపు పడదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. అయితే అక్కడ ఆకాశాన్ని చూసి సముద్రాన్ని అంచనా వేయకూడదు. ద్వీపం పొడవు సుమారు 14 కిలోమీటర్లు, వెడల్పు 7 కిలోమీటర్లు. కారులో ఏ తీరానికైనా కొద్దిసేపట్లో చేరుకోవచ్చు. అందువల్ల ఏ రోజు ఏ తీరమన్నది ఇంటి దగ్గరే ఖరారు చేసుకోకుండా, రోజూ పొద్దున గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి నిర్ణయించుకోవడం అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త.

వాయవ్యం నుంచి వీచే గాలిని అక్కడివారు మయ్యిస్త్రాల్ అంటారు. అది బలంగా ఉన్న రోజున ఎర్రటి ఇసుకకు పేరుపడిన రమ్లా తీరం, ఉప్పు మడులున్న ష్వేని, రెండు కొండల నడుమ సన్నని పాయలా లోపలికి చొచ్చుకువచ్చే వీద్ ఇల్ అస్రి వంటి ఉత్తర తీరాలను విడిచిపెట్టి, ఆగ్నేయం వైపున్న హొందో, ఇమ్జార్ ఇష్షీని తీరాలకు వెళ్లాలి. ఆగ్నేయం నుంచి ష్లొక్ అనే గాలి వీస్తే ఇందుకు విరుద్ధంగా చేయాలి. రమ్లాలో అలలు చిన్నవిగా కనిపించినా, ఒడ్డుకు వచ్చిన నీరు ఒక ఇరుకైన దారిలో వెనక్కి మళ్లుతూ మనిషిని లోపలికి లాక్కుపోతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రాణాలు తీసేది కూడా ఇలాంటి ప్రవాహమే. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకుండా, ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం ఈది, లాగుడు తగ్గిన తరువాత బయటికి రావాలి. ఎర్ర జెండా ఎగురుతుంటే నీటిలో దిగకూడదు. ఊదా రంగు జెండా జెల్లీ చేపలు ఉన్నాయనడానికి గుర్తు. అవి కుట్టినచోట ఇసుకతో రుద్దకుండా, మంచినీటితో కాక సముద్రపు నీటితోనే కడిగి, ప్రథమ చికిత్స కేంద్రానికి వెళ్లాలి.

పడమటి తీరంలోని ద్వేరా నా దృష్టిలో ద్వీపమంతటిలో మొదట చూడవలసిన చోటు, ఎక్కువ జాగ్రత్త అవసరమైన చోటు కూడా. అక్కడ సముద్రంపై నిలిచి ఉండిన అజూర్ విండో అనే సున్నపురాతి తోరణం 2017 మార్చి 8న తుపాను గాలులకు కూలిపోయింది. ఇప్పటికీ కొన్ని ప్రకటనల్లో దాని ఫొటోలు కనిపిస్తాయి గనుక ఆ ఆశతో బయలుదేరవద్దు. తోరణం పోయినా, బ్లూ హోల్ అనే లోతైన గుంట, కొండలోని సొరంగం ద్వారా బయటి సముద్రంతో కలిసే లోపలి మడుగు మిగిలే ఉన్నాయి. ఆ సొరంగం గుండా యాత్రికులను తీసుకువెళ్లే చిన్న పడవలు ఆరోజు ఒడ్డుకే పరిమితమైతే, అక్కడ ఈతకు కూడా దిగకపోవడం మంచిది. బ్లూ హోల్‌లో దిగడం సులువే. అలలు లేచినప్పుడు పదునైన రాళ్ల మీదుగా పైకి రావడమే కష్టం. అడుగు గట్టిగా ఉన్న చెప్పులు తప్పనిసరి, రాళ్ల సందుల్లో సముద్రపు ముళ్లజీవులు కూడా ఉంటాయి.

కొండ అంచుల విషయంలో మరో మాట. గోజోలో చాలాచోట్ల గట్టి సున్నపురాయి కింద మెత్తటి నీలి బంకమట్టి ఉంటుంది. అది కుంగితే పైనున్న రాయి పగిలి పడుతుంది. ఫొటో కోసం అంచు మీద నిలబడడం, నీడ కోసం కొండ కింద కూర్చోవడం రెండూ ప్రమాదకరమే.

జులై, ఆగస్టుల్లో జిగాంతియా ఆలయాలను, విక్టోరియా పట్టణంలోని కోటను పొద్దున్నే చూడాలి. క్రీస్తుపూర్వం 3600 ప్రాంతంలో మొదలైన ఆ రాతి ఆలయాల ఆవరణలో నీడ తక్కువ, ఎండకు రాళ్లు వేడెక్కుతాయి.

మాల్టా వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. స్కూబా డైవింగ్ చేసేవారు అది తమ పాలసీలో ఉందో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి, చివరి డైవింగ్‌కు, విమానానికి మధ్య 24 గంటల విరామం ఉంచుకోవాలి. వాహనాలు మన దగ్గరలాగే ఎడమ వైపు నడుస్తాయి గనుక కారు నడపడం కొత్తగా ఉండదు, కానీ తీరాలకు దిగే దారులు ఇరుకు, వాలు ఎక్కువ. అత్యవసర నంబరు 112.

మాల్టా ప్రధాన ద్వీపంలోని చిర్కెవ్వా నుంచి గోజోలోని ఇమ్జార్ రేవుకు ఫెర్రీ ప్రయాణం సుమారు 25 నిమిషాలే. అయినా ఆగస్టు 15న వచ్చే సాంతా మరియా పండుగ రోజుల్లో మాల్టా ప్రజలే పెద్దసంఖ్యలో గోజోకు వస్తారు, కార్ల వరుస చాలా దూరం సాగుతుంది. రాజధాని వాలెట్టా నుంచి నడిచే వేగపు పడవలు సముద్రం బాగాలేనప్పుడు ఆగిపోవచ్చు. తిరుగు విమానం ఉదయమే ఉన్నవారు ముందురోజు రాత్రికే మాల్టా ప్రధాన ద్వీపానికి చేరుకుని అక్కడ బస చేయడం మేలు.